పేషెంట్ తాలూకు ఎవరు?

ఆస్పత్రి వార్డు తలుపు ఓరగా తీసి "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని నర్సు కేకేస్తుంది. వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకరు లేచి వెళ్లి మందుల చీటీ అందుకుంటారు. తాలూకు అన్న మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. సంబంధం, అంటిపెట్టుకుని ఉండటం అని దాని అసలు అర్థం. కాలు విరిగినవాడి విషయంలో ఆ బెంచీ మీంచి ఎవరు లేచినా ఫరవాలేదు. మనసుకు జబ్బు చేసినచోట మాత్రం లేచింది స్నేహితుడైతే, "మీరేమవుతారు?" అన్న రెండో ప్రశ్న వెంటనే వస్తుంది. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బులో ఇంకో చిక్కు కూడా ఉంది. రోగి తనంతట తానే స్నేహితుడికి దూరం జరుగుతాడు. ఫోన్ ఎత్తడు, గుమ్మం దాకా వెళ్తే నిద్రపోతున్నాడని లోపల్నుంచి కబురొస్తుంది. భార్యకో తల్లికో అదే ఇంట్లో పక్క గదిలో ఉండే వీలుంది. స్నేహితుడికి వీధిలో నిలబడే చోటు కూడా ఎవరూ చూపించరు. ఈ చోటు లేకపోవడం మనుషుల స్వభావంలోంచి వచ్చింది కాదనీ, మన మానసిక వైద్యం పెరిగిన దారిలోంచి వచ్చిందనీ, అందువల్ల దాన్ని మార్చుకోవచ్చనీ ఈ వ్యాసం వాదన.

బ్రిటిష్ పాలనలో పిచ్చాసుపత్రి అంటే ఊరికి దూరంగా ఎత్తయిన గోడల మధ్య మనిషిని దాచే చోటు. తెలుగువాళ్ల నోట పిచ్చాసుపత్రులున్న చినవాల్తేరు, ఎర్రగడ్డ అన్న ఊరిపేర్లు ఇప్పటికీ వేళాకోళానికి పనికొస్తున్నాయంటే ఆ గోడల నీడ ఎంత పొడవో తెలుస్తుంది. ఆ గోడల లోపలికి మనిషిని పంపే పద్ధతిని 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం రాసిపెట్టింది. మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాల్సింది వీలైనంతవరకు భర్తో, భార్యో, బంధువో. వేరెవరైనా పెడితే బంధువులు ఎందుకు పెట్టలేదో, తనకు ఆ మనిషితో ఏం సంబంధమో అర్జీలోనే చెప్పుకోవాలి. నర్సు అడిగే రెండో ప్రశ్నకు మూలం అక్కడుంది. అలాగని ఆ చట్టం స్నేహితుణ్ని పూర్తిగా మరిచిపోలేదు. లోపల ఉన్న మనిషిని తన సంరక్షణకు అప్పగించమని బంధువుగానీ స్నేహితుడుగానీ కోరవచ్చని కూడా అందులోనే ఉంది. అంటే పంపేటప్పుడు అనుమానించిన స్నేహితుణ్ని, తీసుకుపోతానంటే మాత్రం నమ్మింది. రెండు చోట్లా అడగని మాట ఒకటుంది: ఈ స్నేహితుడు తనకు కావాలో వద్దో రోగి ఏమంటున్నాడన్నది.

దేశవిభజన తర్వాత, 1950లో, లాహోర్ మానసిక ఆస్పత్రిలోని హిందూ, సిక్కు రోగులను భారత్‌కు, ఇక్కడి ముస్లిం రోగులను పాకిస్తాన్‌కు మార్చుకున్నారు. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది అమృత్‌సర్ చేరారు. ఉర్దూ రచయిత మంటో రాసిన 'టోబా టేక్ సింగ్' కథకు నేపథ్యం ఈ మార్పిడే. ఆ కథను విభజన మీద వ్యంగ్యంగా చదవడం మనకు అలవాటు గనక మధ్యలో వచ్చే ఒక చిన్న ములాఖత్ మీద చూపు ఆగదు. బిషన్ సింగ్ అనే రోగిని చూడటానికి చుట్టాలు నెలకోసారి వచ్చేవాళ్లు. ఆ రోజు అతను ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, తలకు నూనె రాసుకుని కూర్చునేవాడు. గొడవలు మొదలయ్యాక వాళ్ల రాక ఆగిపోయింది. అప్పుడొచ్చాడు ఫజల్ దీన్, సొంతూరి స్నేహితుడు, అంతకుముందు ఎన్నడూ రానివాడు. అతన్ని చూడగానే బిషన్ సింగ్ పక్కకు తిరిగి వెళ్లిపోబోయాడు. కాపలావాళ్లు ఆపాల్సి వచ్చింది. ఫజల్ దీన్ నొచ్చుకోలేదు, నన్ను గుర్తుపట్టలేదా అని నిలదీయలేదు. మీవాళ్లు క్షేమంగా సరిహద్దు దాటారన్నాడు, చేతనైన సాయం చేశానన్నాడు, గేదె ఈనిన సంగతి చెప్పాడు, తెచ్చిన మరమరాల ఉండలు చేతికందించాడు. కథ సాక్ష్యమెలా అవుతుందని అడగవచ్చు. మద్యం మాన్పించే చికిత్స కోసం మంటో స్వయంగా లాహోర్ మానసిక ఆస్పత్రిలో ఉండి వచ్చినవాడు. ఆ లోకపు ములాఖత్తులు అతనికి తెలుసు. చట్టం పేరుపెట్టని ఒక పాత్రను అతను పేరుపెట్టి చూపించాడు: రోగి మొహం తిప్పుకున్నా కబురు, తినుబండారం ఇచ్చి, ఏమీ రాబట్టకుండా వెనక్కి వెళ్లగలిగినవాడు.

ఆ రోగులు చేరిన అమృత్‌సర్‌లోనే 1950ల్లో మన మానసిక వైద్యం మలుపు తిరిగింది. అక్కడి సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగి ఇంటివాళ్లను అక్కడే ఉండమన్నాడు. జబ్బు తగ్గినవాళ్లను ఇంటికి తీసుకుపోవడానికి చుట్టాలు జంకడం అప్పటి పెద్ద సమస్య. రోగి కళ్లముందే కోలుకుంటుంటే చూసినవాళ్లకు ఆ జంకు పోయింది. వండిపెడుతూ, పక్కన కూర్చుంటూ, డాక్టరు చెప్పేది వింటూ వాళ్లే సగం వైద్యసిబ్బంది అయ్యారు. 1957లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య కేంద్రం ఇంటివాళ్లు వెంట ఉండటాన్ని చికిత్సలో భాగమే చేసింది. బెంగళూరులోనూ కుటుంబ వార్డులు వచ్చాయి. కుటుంబాన్ని గేటు దగ్గరే ఆపేసే రోజుల్లో మనవాళ్లు దాన్ని లోపలికి పిలిచారు. ఇది నిజంగా గర్వించదగిన సంప్రదాయం. కానీ పిలిచింది ఒకే గుడారంలో పడుకునేవాళ్లను. తోడు అంటే రక్తసంబంధమో పెళ్లిబంధమో అన్న లెక్క ఆస్పత్రి అలవాటుగా స్థిరపడింది అప్పుడే. చట్టం అప్పుడప్పుడు స్నేహితుడి పేరెత్తింది గానీ, గుడారంలో అతనికి చాప పరచలేదు.

ఈ లోటు అన్ని జబ్బుల్లోనూ ఒకేలా బాధించదు. బైపోలార్ గతి వేరు. 1850ల్లో పారిస్ వైద్యుడు ఫాల్రే దీన్ని వలయంలా తిరిగే ఉన్మాదమన్నాడు. ఉద్రేకం, కుంగుబాటు, మధ్యలో తేరుకున్న కాలం, మళ్లీ మొదలు. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ దీన్ని ఇతర ఉన్మాదాలనుంచి విడదీసినప్పుడు చూపిన ముఖ్యమైన తేడా కూడా అదే: దశలు వచ్చిపోతాయి, మనిషి మిగులుతాడు. స్నేహితుడి కష్టం ఆ వలయంలోనే ఉంది. ఉద్రేకదశలో అర్ధరాత్రి ఫోన్లు చేసేది అతనికే, అప్పులు అడిగేది అతన్నే, నలుగురిలో మాట తూలేది అతని మీదే. ఆ దశ దిగి కుంగుబాటు మొదలయ్యాక అవన్నీ చూసినవాడి మొహం చూడటానికి సిగ్గు అడ్డొస్తుంది. ఇంట్లోవాళ్లనుంచి తప్పించుకోవడం కుదరదు, స్నేహితుడినుంచి కుదురుతుంది. అందుకే దూరం జరగడమన్నది చాలాసార్లు స్నేహితుడి మీదే పడుతుంది. నేనేం తప్పు చేశానని అతను రోజుల తరబడి తవ్వుకునే ప్రశ్నకు జవాబు చాలావరకు అతనిలో లేదు. సాక్షిగా నిలబడాల్సి రావడమే అతను చేసిన నేరం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. జబ్బు బరువు మోసేది కుటుంబం, స్నేహితుడు వచ్చి పలకరించి పోయేవాడు, మోయనివాడికి చోటెందుకని. మన దేశంలో ఆ బరువు ఇంటివాళ్ల మీదే పడుతున్న మాట కాదనలేనిది. అయితే బంధుత్వం ఒక్కటే చాలుతుందన్న నమ్మకాన్ని చరిత్ర బలపరచదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు కాలిపోయారు. అలాంటి చోట్లకు మనుషులను చేర్చేది సాధారణంగా సొంతవాళ్లే. అందులో క్రూరత్వంకంటే నిస్సహాయతే ఎక్కువ కావచ్చు. ఒంటరిగా మోసే కుటుంబం ఎక్కడికి చేరుతుందో మాత్రం ఆ గొలుసులు చూపించాయి. రెండో సాక్ష్యం లండన్‌ది. 1958లో వెలువడిన అధ్యయనంలో పరిశోధకుడు జార్జ్ బ్రౌన్ బృందం, దీర్ఘకాలం ఆస్పత్రిలో ఉండి బయటికొచ్చినవాళ్లను గమనిస్తే, తల్లిదండ్రుల దగ్గరకో భార్య దగ్గరకో వెళ్లినవాళ్లకంటే అద్దెగదుల్లో, తోబుట్టువుల ఇళ్లలో ఉన్నవాళ్లు మెరుగ్గా నిలదొక్కుకున్నారు. విమర్శ, కోపం, మితిమీరిన పట్టింపు ఉన్న ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపేవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని 1976లో పరిశోధకులు వాన్, లెఫ్ తేల్చారు. వీళ్ల పరిశీలన ప్రధానంగా స్కిజోఫ్రీనియా మీద. 1988లో మిక్లోవిట్జ్ బృందం అమెరికాలో బైపోలార్ రోగుల ఇళ్లలోనూ అదే ధోరణి చూసింది. పరాయి దేశపు లెక్కలు మనకెందుకంటే, చండీగఢ్ కుటుంబాల్లో ఆ విమర్శ చాలా తక్కువని 1987లో వచ్చిన అధ్యయనాలు చెప్పాయి, అది మనకు సంతోషమే. కానీ సూత్రం మారలేదు. ఎడం లేని దగ్గరతనం మందు కాకపోగా ఒక్కోసారి విషమవుతుంది. స్నేహితుడు పుట్టుకతోనే కాస్త ఎడంగా ఉన్నవాడు. అతని లోపమనుకున్నది ఇక్కడ అతని యోగ్యత.

రెండో అభ్యంతరం ఇంకా సున్నితమైనది. దూరంగా ఉండాలనుకోవడం రోగి ఇష్టం కావచ్చు, దాన్నీ జబ్బు ఖాతాలో వేసి వెంటపడటం అవమానించడమే కదా. నిజమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆస్పత్రిలో ఉన్న మనిషికి సందర్శకులను కలిసే హక్కుతోపాటు కలవనని చెప్పే హక్కు కూడా ఇచ్చింది. ఫోన్ ఎత్తకపోవడం కూడా హక్కే. మరి ఏది జబ్బు మాట, ఏది మనిషి మాట? బయటినుంచి తేల్చడం దాదాపు అసాధ్యం, తేల్చి తీరాలన్న పట్టుదలే స్నేహితుణ్ని దర్యాప్తు అధికారిని చేస్తుంది. ఫజల్ దీన్ పద్ధతికున్న గొప్ప సుగుణం, ఈ ముడి విప్పకపోయినా అది పనిచేయడం. జవాబు కోరని చిన్న కబురు, రెండు వారాలకో నెలకో ఒకటి, అలకలు లెక్కపెట్టకుండా. జబ్బు దూరం చేస్తుంటే ఆ కబురు తలుపు తెరిచి ఉంచుతుంది. మనిషే వద్దనుకుంటే ఆ కబురు ఎవరినీ ఇరుకున పెట్టదు. ఇక రావద్దని తేటగా చెప్తే అదీ ఆపేయాలి. ఒక్క మినహాయింపుంది. చావు మాట వినబడినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నాడని తెలిసినా మర్యాదలు పక్కనపెట్టి అదే రోజు ఇంటివాళ్లకో డాక్టరుకో చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంటి గుట్టు బయటపడుతుందని కుటుంబం స్నేహితుణ్ని దూరంగా ఉంచే చోట కూడా ఈ మినహాయింపు వర్తిస్తుంది. పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్న వాళ్ల భయం ఉత్తది కాదు, మానసిక వ్యాధిని విడాకుల కారణాల్లో ఒకటిగా హిందూ వివాహ చట్టం పెట్టుకునే ఉంది. కాబట్టి స్నేహితుడు కుటుంబానికి ముందు చూపించాల్సింది నోరు కట్టుకోగలనన్న నమ్మకం.

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం, తన ఇష్టం చెప్పలేని స్థితిలో ఉన్న మనిషిని ఆస్పత్రిలో చేర్చమని బంధువైనా స్నేహితుడైనా దరఖాస్తు పెట్టవచ్చంది. అప్పటికీ ముందుకొచ్చి నేను స్నేహితుణ్నని చెప్పుకోవాల్సింది స్నేహితుడే. 2017 చట్టంలో ఆ మాట చెప్పే నోరు మారింది. మేజరైన ప్రతి మనిషీ, జబ్బు ఉన్నా లేకపోయినా, రేపు తాను నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే తన తరఫున నిలబడే ప్రతినిధిని ముందే నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి బంధువే కానక్కర్లేదు, ఒప్పుకున్న పెద్దవాళ్లెవరైనా కావచ్చు. తనకు ఎలాంటి వైద్యం కావాలో ముందే రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశంలో రోగి పేరుపెట్టిన మనిషి తర్వాతే చట్టం బంధువును లెక్కలోకి తీసుకుంటుంది. వందేళ్లకు పైగా బంధువుకే మొదటి పీట వేసిన వరస అక్కడ తిరగబడింది. చట్టం కాగితం మీదే ఉంటుంది, ఆస్పత్రుల్లో పాత అలవాటే నడుస్తుందనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అయినా బైపోలార్ జబ్బుకు ఈ ప్రతినిధి ఏర్పాటు సరిపోయినట్టు మరే జబ్బుకూ సరిపోదు, ఎందుకంటే ఇందులో దశకూ దశకూ మధ్య తెరిపి ఉంటుంది. మబ్బు పట్టాక వెళ్లి నా స్థానం ఏదని అడిగితే జవాబు రాదు. తెరిపిలో ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నప్పుడు అడగాలి: మళ్లీ అలా అయితే నేను రావాలా, ఆగాలా, ఎవరికి చెప్పాలి, ఏది చేయకూడదు? దాన్ని రాసుకోవడానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. ప్రతినిధిని నియమించడానికి తెల్లకాగితం, దాని మీద నియమించే మనిషి సంతకం లేదా వేలిముద్ర ఉంటే చట్టానికి చాలు.