చేతులతో ఊదిన ఊపిరి

ఆసుపత్రిలో 'ఐ.సి.యు.' అని రాసి ఉన్న తలుపును మీరు చూసే ఉంటారు. లోపల ఏముంటుందని అడిగితే చాలామంది యంత్రాల పేర్లు చెబుతారు. కాని ఆ గది పుట్టినప్పుడు అందులో చెప్పుకోదగ్గ యంత్రమేదీ లేదు. ఉన్నది ఒక రబ్బరు సంచి, దాన్ని నొక్కే మనిషి, పక్కనే కనిపెట్టుకుని ఉండే నర్సు. ఆ మనుషుల్లో ఎక్కువమంది మీ ఈడు విద్యార్థులే!

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. రోగులందరినీ బ్లెగ్‌డామ్ అనే అంటువ్యాధుల ఆసుపత్రికి తరలించారు. వ్యాధి ఉధృతంగా ఉన్న రోజుల్లో రోజుకు 50 మంది దాకా చేరేవారు. పోలియో అనగానే మనకు చచ్చుబడిన కాలు గుర్తుకొస్తుంది. కాని కొందరిలో వైరస్ మెదడు కాండం దాకా పోతుంది. అప్పుడు గొంతు కండరాలు, శ్వాస కండరాలు పనిచేయవు. రోగి లాలాజలాన్ని కూడా మింగలేడు. అది గొంతులోనే నిలిచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

ఇటువంటి వారి కోసం ఆ ఆసుపత్రిలో ఉన్నవి ఒక ఉక్కు ఊపిరితిత్తి, ఛాతీకి తొడిగే ఆరు చిన్న పరికరాలు. ఉక్కు ఊపిరితిత్తి అంటే పెద్ద ఇనుప పీపా. రోగి తల మాత్రం బయట ఉంటుంది. పీపాలో గాలి పీడనం తగ్గితే ఛాతీ పొంగి, నోటి గుండా గాలి లోపలికి వస్తుంది. ఆలోచించండి: గొంతులో ద్రవం నిలిచి ఉన్న రోగికి ఇలా చేస్తే ఏమవుతుంది? గాలితోబాటు ఆ ద్రవమూ లోపలికి పోతుంది. మొదటి మూడు వారాల్లో శ్వాస పరికరాలతో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించారు.

ప్రధాన వైద్యుడు లాసెన్ చివరికి బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుణ్ణి పిలిపించారు. ఆ రోజుల్లో మత్తు డాక్టరు ఆపరేషన్ గది దాటి వార్డులోకి రావడం వాడుకలో లేదు. ఇబ్సెన్ చనిపోయినవారి రికార్డులు తిరగేశారు. రక్తంలో బైకార్బనేట్ చాలా ఎక్కువగా ఉంది. వైద్యులు దాన్ని అంతుబట్టని క్షారదోషం అనుకున్నారు. ఇబ్సెన్ మరోలా ఆలోచించారు. బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ శరీరంలోనే పేరుకుపోతోంది, బైకార్బనేట్ పెరగడం దాని ఫలితమే, రోగులు చనిపోతున్నది గాలి చాలకే అన్నారు. మీరు రసాయనశాస్త్రంలో చదివే ఆమ్ల-క్షార సమతుల్యం ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చింది!

ఆగస్టు 27న ఆయనకు ఒక అవకాశం ఇచ్చారు. రోగి 12 ఏళ్ల బాలిక, కొన ఊపిరితో ఉంది. మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి, చుట్టూ గాలిబుడగ ఉన్న గొట్టాన్ని అమర్చారు. బుడగను ఉబ్బిస్తే గొంతులోని ద్రవం లోపలికి జారదు. గొట్టానికి రబ్బరు సంచి తగిలించి నొక్కసాగారు. గాలి లోపలికి పోలేదు. పాప గిలగిలలాడుతోంది, శ్వాసనాళాలు బిగుసుకుపోయాయి. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చారు. ఆమె సొంతంగా పీల్చుకునే ఆ కాస్త ప్రయత్నమూ ఆగిపోయింది. అయితే ఇప్పుడు సంచి నొక్కితే గాలి సాఫీగా పోతోంది. చెమటలు ఆగాయి, ఎగబాకిన రక్తపోటు దిగింది. ఆయన కావాలనే గాలి తగ్గించి చూపారు, కార్బన్ డయాక్సైడ్ పెరిగి చెమటలు, రక్తపోటు మళ్లీ వచ్చాయి. గాలి పెంచారు, తగ్గిపోయాయి. ఇంతకన్నా స్పష్టమైన ప్రయోగం ఏముంటుంది? పాప బతికింది.

సిద్ధాంతం తేలింది, సరే. మరి ఆ సంచిని రాత్రింబవళ్లు, వారాల తరబడి నొక్కేదెవరు? ఒక దశలో ఒకేసారి 70 మంది రోగులకు చేతులతోనే శ్వాస అందించవలసి వచ్చింది. వైద్య విద్యార్థులను పిలిచారు. వంతుల వారీగా మొత్తం సుమారు 1,500 మంది పనిచేశారు. వాళ్లు నొక్కిన కాలం 1,65,000 గంటలని లెక్క. ఒక్కడే చేస్తే దాదాపు 19 ఏళ్లు! నిమిషానికి 20 సార్లు అనుకుంటే ఎన్నిసార్లు నొక్కారో మీరే గుణించి చూడండి. దగ్గర దగ్గర 20 కోట్లు. ఆరంభంలో నూటికి 87గా ఉన్న మరణాలు సగానికి పైగా తగ్గిపోయాయి.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఇబ్సెన్ దగ్గర, విద్యార్థుల దగ్గర ఆగిపోతారు. నాకది సగం కథే అనిపిస్తుంది. గొట్టంలో కఫం అడ్డుపడితే ఎంత నొక్కినా గాలి పోదు. దాన్ని పీల్చి తీయాలి. కదలలేని మనిషిని వేళకు అటూ ఇటూ తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. మింగలేని రోగికి ముక్కు గుండా గొట్టం వేసి జీర్ణాశయానికి ఆహారం అందించాలి. రోగికి తెలివి ఉంటుంది, మాట ఉండదు. కళ్ల కదలికను చూసి అవసరం గ్రహించాలి. ఇవన్నీ నర్సింగ్ పనులు. ఒక రోగిని ఎవరో ఒకరు ప్రతి నిమిషం చూస్తూ ఉండాలన్న పద్ధతి అక్కడ పాదుకుంది. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలోని కొమ్యూనె ఆసుపత్రిలో ఇటువంటి రోగులందరికీ కలిపి ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. ప్రపంచంలో మొదటి ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌గా చాలామంది చరిత్రకారులు చెప్పేది దీన్నే. దానికి దొరికిన చోటేమిటో తెలుసా? నర్సింగ్ విద్యార్థినుల తరగతి గది!

కనిపెట్టుకుని ఉండడం అంటే ఊరికే చూస్తూ కూర్చోవడం కాదు, కొలవడం. కాలిన గాయాలను తీసుకోండి. 1921లో అమెరికాలోని న్యూహేవెన్‌లో ఒక థియేటర్ తగలబడినప్పుడు ఫ్రాంక్ అండర్‌హిల్ రోగుల బొబ్బల్లోని నీటిని పరీక్షించి, అది దాదాపు రక్తంలోని ప్లాస్మాయేనని గుర్తించాడు. అంటే కాలిన మనిషి శరీరం నుంచి రక్తంలోని ద్రవభాగం కారిపోతోంది. ఎంత ద్రవం తిరిగి ఎక్కించాలి? 1968 నాటి పార్క్‌లాండ్ సూత్రం ఒక అంచనా ఇస్తుంది: బరువు కిలోకు, కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్లు. 50 కిలోల మనిషికి 30 శాతం కాలితే 6 లీటర్లు. అందులో సగం, కాలిన క్షణం నుంచి మొదటి 8 గంటల్లో. ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి కాదు సుమా! ఈ లెక్క ఆరంభం మాత్రమే. ఆ మనిషికి గంటకు కనీసం 25 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందా లేదా అని నర్సు కొలిచి రాసే అంకెను బట్టి ద్రవం వేగం మారుతుంది.

మెదడు గాయాల విషయంలో కొలత ఇంకా కష్టం. 'సగం స్పృహ', 'మగత' అని కేసు షీటులో రాస్తే, తరువాత డ్యూటీకి వచ్చిన నర్సుకు ఏమి అర్థమవుతుంది? పుర్రెకు, మెదడు పొరకు మధ్య రక్తం చేరుతున్న రోగి మొదట చక్కగా మాట్లాడవచ్చు, కొద్ది గంటల్లో ప్రాణాపాయంలో పడవచ్చు. 1974లో గ్లాస్గోలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ మూడే మూడు సంగతులు చూడమన్నారు: కళ్లు తెరుస్తున్నాడా, ఎలా మాట్లాడుతున్నాడు, చేతులు కాళ్లు ఎలా కదుపుతున్నాడు. కంటికి 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు. పూర్తి తెలివికి 15, అట్టడుగున 3. సున్నా లేదు. పెద్ద నిపుణులే కాక నర్సులు, జూనియర్ డాక్టర్లు కూడా ఒకేలా వాడగలగాలన్నదే దాని ఉద్దేశం. ఉదయం 14 ఉన్న మార్కు మధ్యాహ్నానికి 12కు జారితే వెంటనే డాక్టరును పిలవాలి. మన దేశంలో ఇక్కడొక చిక్కుంది. రోగి తెలుగులో పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా, సరిగానే మాట్లాడుతున్నాడా అన్నది తెలుగు రాని సిస్టర్‌కు ఎలా తెలుస్తుంది? మాటకిచ్చే మార్కులో భాష కూడా కలిసి ఉంది.

కోపెన్‌హేగన్‌లో విద్యార్థులు చేసినటువంటి పనిని మన ప్రాంతంలో మరొక రూపంలో చూశాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన బొంగావ్‌లో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు చాలలేదు. దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా పొడి కలిపిన నీటిని నోటి ద్వారా తాగించే పని తల్లులకు, బంధువులకు అప్పగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు ఆయన పర్యవేక్షించిన రోగుల్లో 3.6 శాతానికి దిగాయి.

మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో కనిపించింది. 2014లో భారత్‌ను పోలియో రహితమని ధ్రువీకరించారు. కొత్త ఉక్కు ఊపిరితిత్తులు తయారవడం లేదు. సంచి మాత్రం పోలేదు. 1956లో డెన్మార్క్‌లోనే హెన్నింగ్ రూబెన్, హోల్గర్ హెస్సె దానంతట అదే తిరిగి ఉబ్బే రకాన్ని తయారుచేశారు. అదే అంబూ బ్యాగ్. వెంటిలేటర్ ఆగితే నర్సు చెయ్యి మొదట పోయేది దాని మీదికే. వెంటిలేటర్లు చాలని ఆసుపత్రుల్లో రోగి అన్నో అక్కో మంచం పక్కన స్టూలు వేసుకుని రాత్రంతా దాన్ని నొక్కుతూ కూర్చున్న వార్తలు మన పత్రికల్లో ఇప్పటికీ వస్తుంటాయి.