ఓరుగల్లు చెరువులలో గాలపు వేట

గాలపు వేట అనగా వల ఉపయోగించకుండా, ఎర గుచ్చిన గాలముతో ఒక్కొక్క చేపను పట్టే పద్ధతి. 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల చెరువులలో, జలాశయాలలో, వాగులలో ఈ వేట కొందరికి జీవనోపాధిగాను, మరికొందరికి వినోదంగాను ఉన్నది. చెరువు ఆనుపానులు తెలిసిన స్థానిక మత్స్యకారుని వెంట ఒక పూట, అనగా నాలుగైదు గంటలు, సాగించే వేట ఇందులో ఒక రూపం. గాలానికి తగిలిన తరువాత గట్టిగా పెనుగులాడే గుణం, మంచి రుచి రెండూ ఉండటం వలన కొర్రమీను ఈ వేటకు ప్రధాన లక్ష్యమైనది. అయితే కొర్రమీను అతి సులభంగా గాలానికి చిక్కే తొలకరి నాళ్లే అది పిల్లలను కాపాడుకునే నాళ్లు కూడా. ఈ చెరువులలో కొర్రమీను నిలవడం, నిలవకపోవడం చాలావరకు ఆ రెండు మూడు నెలలపై ఆధారపడి ఉన్నది.

చరిత్ర

దక్కను ప్రాంతంలో గాలపు వేటను గూర్చిన విపులమైన వర్ణన కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు (పాలన 1126 - 1138) సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో ఉన్నది. అందులోని మత్స్యవినోదమనే అధ్యాయంలో చేపల రకాలు, అవి ఉండే చోట్లు, వాటికి వేసే మేత, గాలపు కర్ర, దారం మొదలగు విషయాలు వివరించబడ్డాయి. అప్పటికి హనుమకొండను ఏలుతున్న కాకతీయులు చాళుక్యులకు సామంతులు. ఈ అధ్యాయాన్ని మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆధునిక శాస్త్ర దృష్టితో పరిశీలించి వ్యాసం ప్రకటించాడు. రాజులకు వినోదమైన ఈ వేట సామాన్యులకు ఎప్పుడూ కూర కోసం చేసే పనిగానే ఉండేదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆంగ్లేయుల కాలంలో మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా", 1887లో "ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" అనే గ్రంథాలను ప్రచురించాడు. రెండవ గ్రంథం పూర్తిగా చెరువులలో గాలం వేయడాన్ని గురించినదే. కొండ నదులలోని చేపలను మాత్రమే క్రీడకు తగినవిగా ఎంచే రోజులలో, దక్షిణ భారతదేశపు వెచ్చని చెరువులకు ఒక పుస్తకాన్ని ప్రత్యేకించడం గమనించదగిన విషయం.

వెంట మనిషితో చేసే పూట వేట అనేక దేశాలలో పర్యాటక వ్యాపారంగా పెరిగినది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1984లో కాలువలలోకి పీకాక్ బాస్ అనే ఉష్ణమండలపు చేపను వదలి, దాని చుట్టూ ఇటువంటి వేటను అభివృద్ధి చేశారు. మన దేశంలో కర్ణాటకలోని కావేరి తీరాన భీమేశ్వరి, గాలిబోరె శిబిరాలలో మహసీర్ చేపల వేట ప్రసిద్ధి పొందినది. అక్కడ దారి చూపే వేటగానిని స్కాట్లాండు మాటతో "గిల్లీ" అని పిలిచేవారు. అభయారణ్యాలలో చేపల వేటను అనుమతించకపోవడంతో 2010 దశకపు తొలినాళ్లలో ఆ శిబిరాలలో గాలపు వేట నిలిచిపోయినది. ఓరుగల్లు ప్రాంతంలో ఈ వేట ఇప్పటికీ వ్యాపారపు హంగు కన్న పరిచయాల మీదనే ఎక్కువగా నడుస్తుంది.

చేపలు

కొర్రమీను (శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా) తెలంగాణ రాష్ట్ర చేప. దీనిని కొర్రమట్ట అని కూడా అంటారు. పాము తలను పోలిన తల, నల్లని వీపు, పక్కలపై అడ్డచారలు దీని గుర్తులు. మొప్పలతో పాటు తలలో గాలిని పీల్చుకొనే ప్రత్యేకమైన అర ఉండటం వలన ఇది కొన్ని నిమిషాలకొకసారి నీటిపైకి వచ్చి గాలి గుటక వేస్తుంది. నీరు ఇంకిన చెరువు బురదలో కూడా కొంతకాలం బ్రతకగలదు. అంగడిలో దీనిని ప్రాణంతోనే అమ్మగలగడానికి, తక్కిన చెరువు చేపల కన్న ఎక్కువ ధర పలకడానికి ఇదే కారణం. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున హైదరాబాదులో ఉబ్బసం రోగులకు ఇచ్చే చేప మందులో మింగించేది కూడా చిన్న కొర్రమీను పిల్లనే. ఆ మందు ఫలితం శాస్త్రీయంగా నిరూపితం కాలేదు.

కొర్రమీను మాంసాహారి. కప్పలను, చిన్న చేపలను, పురుగులను మాటు వేసి పట్టుకుంటుంది. తుంగ, తామర, నాచు ఉన్న లోతు తక్కువ నీరు దీనికి ఇష్టం. దీని దగ్గరి బంధువైన మట్టగిడస (చన్నా పంక్టేటా) చిన్నది. పిల్లలు మొదట గాలం నేర్చుకొనేది సాధారణంగా దీని మీదనే.

వాలుగ (వల్లాగో అట్టు) మీటరుకు పైగా పెరిగే వేట చేప. వెడల్పైన నోరు, పదునైన పళ్లు గల ఈ చేప ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది. గోదావరిలోను, పెద్ద జలాశయాలలోను దొరుకుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఇది ప్రమాదానికి లోనయ్యే జాతిగా నమోదైనది. మేత చేపలలో బొచ్చె నీటి పై భాగంలోను, రవ్వ (రోహు) నడిమి నీటిలోను, మృగాల అడుగున మేస్తాయి. కనుక ఏ చేప కావాలనుకొంటే గాలం ఆ లోతున నిలిచేటట్లు బెండును సరిచేయవలసి ఉంటుంది. జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు, బంగారు తీగలు కూడా గాలానికి పడుతుంటాయి.

పూట వేట క్రమం

వేట తెల్లవారకముందే మొదలై ఎండ ముదిరే వేళకు ముగుస్తుంది. లేదా మధ్యాహ్నం మూడు గంటల తరువాత మొదలై చీకటి పడేవరకు సాగుతుంది. దీనికి కారణం నీటి వేడిమి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాములు ఇమడగల ప్రాణవాయువు 30 డిగ్రీల వద్ద 7.6 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అందువలన నడి ఎండలో మేత చేపలు ఒడ్డు విడిచి లోతుకు పోతాయి. అయితే నాచు దట్టంగా పెరిగిన చెరువులో రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకోవడం వలన, అది అతి తక్కువగా ఉండేది సరిగ్గా సూర్యోదయానికి ముందు. అటువంటి చెరువులో తెల్లవారుజామున రవ్వ, బొచ్చె మందకొడిగా ఉండి ఎరను ముట్టవు. గాలి పీల్చే కొర్రమీనుకు ఈ ఇబ్బంది లేదు. వెంట వచ్చే మనిషి ముందుగా కొర్రమీను కోసం తుంగల వెంట నడిపించి, ఎండ కాస్త పొడిచిన తరువాతనే మేత చేపలకు పిండి ఎర వేయించడంలోని ఔచిత్యం ఇదే.

దారి చూపే మత్స్యకారుని నేర్పు గాలం విసరడంలో కన్న చెరువును చదవడంలో ఉన్నది. పాత వాగు గుంట ఎక్కడ ఉన్నది, తూము దగ్గర లోతు ఎంత, శిఖం భూమిలో కిందటి ఏడు ఎవరు మట్టి తీశారు అన్నవి అతనికి తెలుస్తాయి. మిషన్ కాకతీయ పథకం కింద 2015 నుండి పూడిక తీసిన చెరువులలో లోతులు మారిపోవడం వలన ఈ ఎరుక మరింత అవసరమైనది. నీటిపై లేచే బుడగల వరుస, గాలి లేకుండానే కదిలే తామరాకు, గుటక చప్పుడు కొర్రమీను ఉనికికి గుర్తులు. నీడ నీటిపై పడకుండా నిలబడాలి. కట్టపై అడుగుల చప్పుడు చేయరాదు.

పరికరాలు స్వల్పమే. సన్నని వెదురు బొంగు, నైలాను దారం, బెండు, సీసపు గుండు, గాలం ఉంటే చాలు. పట్టణాల నుండి వచ్చేవారు రీలు బిగించిన ఫైబరు కర్రలను తెస్తారు. కొర్రమీనుకు పూర్వం బ్రతికిన కప్పను గుచ్చి తామరాకుల మీదుగా ఎగిరించేవారు. రబ్బరు కప్పలు వచ్చిన తరువాత ఆ క్రూరత్వం అవసరం లేకుండా పోయినది. మేత చేపలకు గోధుమ పిండి, తవుడు, పల్లి చెక్క కలిపిన ముద్ద, జెల్లలకు వానపాము ఎరగా వాడతారు. కొర్రమీను ఎరను అందుకోగానే కర్ర ఎత్తరాదు. అది ఎరను నోట కరచుకొని తిరిగే క్షణం వరకు ఆగాలి. కొత్తవారు చేపను పోగొట్టుకొనేది ఎక్కువగా ఇక్కడే. నడి చెరువుకు పోవడానికి స్థానికులు థర్మోకోలు తెప్పలను ఉపయోగిస్తారు. ఈత రానివారు వాటిని ఎక్కకపోవడమే మేలు.

తొలకరి వేట

వానాకాలం మొదటి జల్లులకు చెరువు నిండుతున్నప్పుడు కొర్రమీను జంట లోతు తక్కువ నీటిలో నాచును తొలగించి గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. ఒకటి రెండు రోజులలో పిల్లలు వెలువడి, నారింజ ఎరుపు రంగులో గుంపుగా కదులుతాయి. దూరానికి నీటిలో ఒక ఎర్రని మరక తిరుగుతున్నట్లు ఉంటుంది. ఆ గుంపు కింద తల్లిదండ్రులలో ఒకటి, సాధారణంగా మగచేప, వారాల తరబడి కాపలా ఉండి, దగ్గరకు వచ్చిన దేనినైనా కరుస్తుంది. ఆకలితో కాదు, పిల్లలను కాచుకోవడానికి కరుస్తుంది. పిల్లల గుంపు నడుమ గాలం పడవేస్తే ఆ చేప చిక్కడం దాదాపు ఖాయం. పెద్ద చేపలను పట్టిన ఖ్యాతి చాలావరకు ఇటువంటి వేటలోనే వస్తున్నది.

కాపలా చేప పోయిన గుంపును కొంగలు, నీటికాకులు, తక్కిన చేపలు తినివేస్తాయి. ఒక్క గాలంతో ఒక చేప కాక వందల పిల్లలు పోతాయి. తెలంగాణ ప్రభుత్వం 2016 నుండి చెరువులలో ఉచితంగా వదలిన చేప పిల్లలలో ప్రధానమైనవి బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ. కనుక చాలా చెరువులలో కొర్రమీను తన సంతానంతో తానే నిలవవలసి ఉన్నది. తెలిసిన మత్స్యకారులు జూన్ నుండి సెప్టెంబరు వరకు ఎర్రని గుంపు కనబడిన చోట గాలం వేయనివ్వరు. పొరపాటున కాపలా చేప తగిలితే వెంటనే అక్కడే వదలిపెట్టాలి. గాలి పీల్చగలదు కనుక అది కోలుకొనే అవకాశం మేత చేపల కన్న ఎక్కువ. ఆ కాలంలో వేట కావాలనుకొనేవారికి మేత చేపలు ఉండనే ఉన్నవి.

ప్రదేశాలు

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. శాసనంలో దీని పేరు ధర్మకీర్తి సముద్రం. పొరుగున ఉన్న వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు నుండి పుట్టే మున్నేరు, దానితోపాటు ఆకేరు ఈ జిల్లా గుండా ప్రవహిస్తాయి. పాకాల అభయారణ్యం కావడం వలన అక్కడ అనుమతి లేనిదే గాలం వేయరాదు.

భూపాలపల్లి జిల్లాలో గణపసముద్రం (ఘనపూర్ చెరువు) ప్రధానమైనది. కోటగుళ్లు దీనికి సమీపంలోనే ఉన్నవి. ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం వద్ద నది చేపలు, అందులోను వాలుగ, ప్రత్యేకం. రామప్ప, లక్నవరం చెరువులను కూడా ఈ జిల్లావిగా చెప్పేవారున్నారు. అవి 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు జిల్లాలో చేరినవి.

జనగామ మెట్ట ప్రాంతం. ఇక్కడ చెరువులు ఎండాకాలంలో ఎండిపోవడం పరిపాటి. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద గోదావరి నీరు చేరిన గండిరామారం, అశ్వరావుపల్లి, నవాబుపేట జలాశయాల వలన వేటకు ఆస్కారం పెరిగినది.

హక్కులు, జాగ్రత్తలు

చెరువులోని చేపలపై హక్కు సాధారణంగా స్థానిక మత్స్య సహకార సంఘానికి కౌలు ద్వారా సంక్రమిస్తుంది. ముదిరాజ్, గంగపుత్ర కులాలవారు ఈ సంఘాలలో అధికం. గాలమే కదా అని సంఘాన్ని అడగకుండా వేయడం వారి పంటను కోయడంతో సమానం, తగవులకు మూలం కూడా. మందుగుండుతో, విషంతో చేపలను చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది.

మత్తడి దూకుతున్నప్పుడు చేపలు ఎదురెక్కుతాయి కనుక జనం అక్కడ గుమికూడుతారు. గాలపు వేటలో అత్యంత అపాయకరమైన చోటు అదే. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచివేయడం, 2024 సెప్టెంబరు 1 నాటి వరదలో మహబూబాబాద్ జిల్లాలో పలు చెరువులు తెగిపోవడం ఇక్కడి నీటి వేగానికి నిదర్శనాలు. ఇంగిలాయి ముల్లు విషపూరితం. గుచ్చుకొంటే తీవ్రమైన పోటు పుడుతుంది. వేడి నీటిలో చేతిని ఉంచితే కొంత ఉపశమనం కలుగుతుంది, వాపు తగ్గకపోతే వైద్యుని చూడాలి. జెల్లలను, ఇంగిలాయిలను గాలం నుండి విడదీసేటప్పుడు తడిగుడ్డ వాడాలి.