పదో తరగతి తర్వాతి ఆరేళ్లు

మన కాకినాడలో బడికీ కాలేజీకీ మధ్య గీత ఎన్నడూ ఒకచోట నిలవలేదు. పి.ఆర్. కాలేజీయే 1852లో బడిగా పుట్టి 1884లో కాలేజీ అయింది. మెట్రిక్ మీద ఎఫ్.ఏ., పిదప ఇంటర్మీడియట్, 1950ల్లో ఏడాది పి.యు.సి., 1969 నుంచి తిరిగి రెండేళ్ల ఇంటరు. పేరు మారినప్పుడల్లా ఫీజు కట్టే తండ్రికి లెక్క తప్పేది!

అమెరికాలో 1955 నుంచి హైస్కూలు పిల్లలు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష రాస్తే చాలా కాలేజీలు దాన్ని తమ చదువులో జమ కడుతున్నాయి. మనకు దానికి దగ్గరది పాలిటెక్నిక్. పది కాగానే మూడేళ్ల డిప్లమో, ఆపైన ఈసెట్ రాసి సీటు వస్తే బి.టెక్. రెండో ఏడులోనే చేరిక. అంటే ఒక ఏడు జమ అయినట్టే.

మొత్తం కాలం మాత్రం తగ్గదు సుమా. ఇటు రెండూ నాలుగూ, అటు మూడూ మూడూ, ఆరేళ్లే. తేడా నడుమ డబ్బు ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. మూడేళ్లు పూర్తయ్యాక చదువు మానితే బి.టెక్. కుర్రాడికి ఇంటరు సర్టిఫికెట్టే మిగులుతుంది. డిప్లమో వాడికి చేతిలో పని ఉంటుంది. పది కాగానే అబ్బాయిని షాపులో కూర్చోబెట్టే మన ఇళ్లల్లో ఇది ఆలోచించాలి. ఆడపిల్లలకు ఊళ్లోనే వేరే పాలిటెక్నిక్ ఉంది. పది ఫలితాలు రాకముందే పాలిసెట్‌కు దరఖాస్తు పెట్టవచ్చు.