గురువు లేని చదువు: నూవో డ్రైవరు చరిత్ర

సాంచీ స్తూపం వద్ద లభించిన చిన్న చిన్న శాసనాలు అనేకం ఒకే రెండక్షరాలతో ముగియడం జేమ్స్ ప్రిన్సెప్ గమనించాడు. అది ‘దానం’ అనే మాట కావచ్చునని ఊహించాడు. ఆ ఊహ ఆధారంగా 1837లో బ్రాహ్మీ లిపి ముడి విడిపోయింది. చెప్పేవారు లేనప్పుడు ఏది మారుతున్నది, ఏది మారకున్నది అని పోల్చి చూడడమొక్కటే దారి. మన కాలంలో ఇదే దారిలో కంప్యూటరు పరికరాల భాషను చదివినవారు ఉన్నారు. భాషోపాధ్యాయులకు వారి కథ ఆసక్తికరంగా ఉండగలదని నా నమ్మకం.

తెరపై బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. అందులో రిజిస్టర్లనే చిన్న గూళ్లు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. ఏ గూటిలో ఏ అంకె ఉంచితే ఏ పని జరుగునో ఎరిగి, ఆ ప్రకారం కార్డుతో పని చేయించేది డ్రైవరు. 1993లో బ్రయాన్ పాల్ మెసా అనే స్వేచ్ఛా గ్రంథాలయాన్ని రాయడం మొదలుపెట్టి 1995లో లోకానికి విడుదల చేశాడు. అయితే తొలినాళ్ల మెసా కార్డు జోలికి పోక, లెక్కలన్నీ ప్రాసెసరుతోనే చేయించి బొమ్మ గీసేది. కార్డుతో మాట్లాడాలంటే దాని భాష తెలియాలి. ఆ భాషకు నిఘంటువు కంపెనీల వద్దనే భద్రంగా ఉండేది.

ఎన్విడియా కంపెనీ ‘ఎన్‌వీ’ అనే డ్రైవరును సోర్సు కోడుతో సహా ఇచ్చిన మాట నిజమే. కాని అది చదునైన బొమ్మలకే పరిమితం. పైగా గూళ్లకు పేర్లు లేవు, ఉన్నవి అంకెలే. అర్థతాత్పర్యాలు లేని పద్యం చేతికిచ్చి చదువుకొమ్మన్నట్లుండేది. ఆ కోడును శుభ్రపరచబూనినవాడు స్టెఫాన్ మార్షెసాన్. అతడు ‘ఎన్‌వీ’ అని టైపు చేసినప్పుడు అతని చాట్ ప్రోగ్రాము దానిని ‘నూవో’గా మార్చేదట. ఫ్రెంచిలో నూవో అంటే కొత్త. 2006 నాటికి ఆ పేరే స్థిరపడింది.

వారి పద్ధతి ప్రిన్సెప్ పద్ధతే. కంపెనీ వారి మూసిన డ్రైవరు చేత ఒక చిన్న బొమ్మ గీయిస్తారు. గీయకముందు రిజిస్టర్లలో ఏముంది, గీసిన పిదప ఏముంది అని రెండు జాబితాలు తీసి సరిచూస్తారు. రంగు మార్చి మరల గీయిస్తే ఏ అంకె మారిందో, అది రంగుకు సంబంధించినదని తేలుతుంది. ఈ పనికై ‘రీనూవో’ అనే ఉపకరణం తయారైంది. ఎందరో సామాన్యులు తమ కార్డులపై దానిని నడిపి ఫలితాలు పంపారు. వారిలో అధికులకు కోడు రాయడం రాదు; అయినా ఆ వితరణ లేకుంటే ఆ చదువు సాగేది కాదు. తరువాత వచ్చిన ‘ఎంఎంఐఓ ట్రేస్’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అది డ్రైవరుకూ కార్డుకూ నడుమ కాపు కాసి, డ్రైవరు రిజిస్టరును తాకబోయిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆపి, ఏ గూటిలో ఏ అంకె ఉంచుతున్నదో రాసుకొని, ఆపై పోనిచ్చేది. 2008లో అది లైనక్స్ కెర్నెలులోనే చేరింది.

2010 ఫిబ్రవరిలో వెలువడిన కెర్నెలు 2.6.33తో నూవో కూడా అందులో భాగమైంది. ఒక చిక్కు మాత్రం వచ్చింది. కార్డులోపల నడిచే కొంత సూక్ష్మ కోడును కంపెనీ డ్రైవరు నుండి యథాతథంగా పట్టుకొన్నారు. దానిపై హక్కులెవరివన్న సందేహంతో దానిని కెర్నెలు వెలుపలనే ఉంచి, కొద్దికాలంలోనే సొంతంగా రాసుకొన్నారు. చదివి గ్రహించడం వేరు, ఎత్తిరాయడం వేరు. ఆ భేదాన్ని వారు పాటించిన తీరు నాకు మిక్కిలి నచ్చింది.

ఇతర కంపెనీల దారి వేరు. ఏఎండీ 2007 సెప్టెంబరులో తన కార్డుల వివరాలను బయటపెట్టడం ఆరంభించింది. ఎన్విడియా 2014లో రెండవ విడత మాక్స్‌వెల్ కార్డులతో ఇంకొక గోడ కట్టింది. కార్డు వేగాన్ని నియంత్రించే ఫర్మ్‌వేరుకు కంపెనీ డిజిటల్ సంతకం ఉంటేనే కార్డు దానిని అంగీకరిస్తుంది. గోప్యత ఓర్పుకు లొంగుతుంది గాని, ఈ సంతకం లొంగదు. అందుచేత నూవోతో ఆ కార్డులు స్విచ్చి వేసినప్పటి మందవేగంతోనే నడుస్తాయి.

2022 మేలో ఎన్విడియా తన కెర్నెలు భాగాన్ని బహిరంగపరచింది. అది 2018 నాటి ట్యూరింగ్ కార్డులకూ ఆపై వాటికీ మాత్రమే. వాటిలో వేగం సంగతి లోపలి జీఎస్‌పీ అనే ప్రాసెసరు చూసుకొంటుంది. 2024 జనవరి నాటి కెర్నెలు 6.7 నుండి నూవో దానిని వినియోగించుకోగలుగుతున్నది. ఆ ప్రాసెసరు ఫర్మ్‌వేరు మాత్రం నేటికీ మూసిన పెట్టెయే.

నడుమ తరాల కార్డులే ఎటూ కాకుండా పోయాయి. మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా కార్డులకు 580 శ్రేణియే కడపటి డ్రైవరని కంపెనీ 2025లో తెలిపింది. కార్యాలయాలు వాడి విడిచి బడులకు దానమిచ్చే కంప్యూటర్లలో కనిపించేవి ఇటువంటి పాత కార్డులే. చిత్రమేమనగా, అంతకన్న పాతదైన 2012 నాటి కెప్లర్ కార్డు వేగాన్ని నూవోతో నేటికీ చేతితో పెంచుకోవచ్చు. 2016 నాటి పాస్కల్‌కు ఆ వీలు లేదు.