ఇంకో మెదక్

మెదక్ అనగానే మీకేం గుర్తొస్తుంది? పెద్ద చర్చి, ఏడుపాయల జాతర, అంతే కదా! కెనడాలో ఒక తరం సైనికులకు మాత్రం మెదక్ అంటే క్రొయేషియాలో ఒక పల్లె.

ముందు చిన్న నేపథ్యం. 1956లో సూయజ్ కాలువ గొడవ ముదిరినప్పుడు, మధ్యలో ఐక్యరాజ్యసమితి సేనను నిలబెడదామన్నది కెనడా మంత్రి లెస్టర్ పియర్సన్. మరుసటేడు ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. (ఆ సేనలో మన జవాన్లూ ఉన్నారండోయ్.) అప్పటినుంచి కెనడావాళ్లకు నీలి టోపీ అంటే మహా గర్వం. ఒట్టావాలో 1992లో పెట్టిన శాంతి సైనికుల స్మారకం చూడండి, మూడు విగ్రహాల్లో ఒకటి ఆడమనిషిది.

ఆ సేనకు పద్ధతి ఒకటే. రెండు పక్షాలూ ఒప్పుకున్నాక మధ్యలో నిలబడాలి, ప్రాణం మీదికొస్తే తప్ప తుపాకీ పేల్చకూడదు. సైప్రస్‌లో అది చాలావరకు నడిచింది. యుగోస్లావియాలో ఆపడానికి ఒప్పందమే నిలవలేదు.

1993 సెప్టెంబరులో క్రొయేషియా సేన మెదక్ దగ్గరి సెర్బుల పల్లెలు పట్టుకుంది. వెనక్కి పోతామని ఒప్పుకుంది కూడా. మధ్యలోకి వెళ్లిన కెనడా బెటాలియన్‌పైనే కాల్పులు మొదలెట్టింది. లెఫ్టినెంట్ కల్నల్ జిమ్ కాల్విన్ మనుషులు కందకాలు తవ్వుకుని ఎదురు కాల్చారు. నలుగురికి గాయాలయ్యాయి. వాళ్లలో చాలామంది పార్ట్‌టైమ్ సైనికులు, చదువుకునే కుర్రాళ్లు.

అసలు బాధ మర్నాటిది. దారికి అడ్డం పెట్టి ఆపేశారు. అవతల ఇళ్లు తగలబడుతున్న పొగ కనిపిస్తోంది, పేలుళ్లు వినిపిస్తున్నాయి. తమను కాల్చినవాళ్లను కాల్చొచ్చు గానీ, అడ్డు తొలగించుకుని దాడి చేయడానికి అనుమతి లేదు. చివరికి కాల్విన్ విలేకరుల్ని, కెమెరాల్ని పిలిచి అక్కడే మాట్లాడాడు. అప్పుడు దారి వదిలారు. లోపల మిగిలింది బూడిద, చంపిన పశువులు, శవాలు. ఆడవాళ్లవీ ఉన్నాయి.

అలాంటి చోట్ల పనిచేసిన సైనికులు తరచూ చెప్పేది ఇదే: యుద్ధానికి పంపితే శత్రువెవరో, ఏం చేయాలో తెలుస్తుంది, చేతిలో తుపాకీ పెట్టి చూస్తూ నిలబడమంటే ఆ భారం ఇంటిదాకా వస్తుంది. అందరూ అలా అనరు లెండి. తుపాకీ పేల్చకుండా ఒక ఊరిని నిలబెట్టామని గర్వపడేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది నాకు. పంపినవాళ్లు ఏ అధికారం ఇచ్చి పంపారన్నదే తేడా. రువాండాలో జనరల్ రోమియో డలేర్ 1994 జనవరిలో ఆయుధాల నిల్వలు పట్టుకుంటానంటే న్యూయార్క్ నుంచి వద్దన్నారు. ఏప్రిల్ నుంచి వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు. ఆయన ఆ మానసిక గాయంతోనే 2000లో సైన్యం వదిలాడు.

ఇక మెదక్ సంగతి కెనడాలో ఎవరికీ తెలియనివ్వలేదు. అదే ఏడాది సోమాలియాలో కెనడా సైనికులే ఒక కుర్రాణ్ని హింసించి చంపారు, ఆ పరువు నష్టంలో మరో పోరాటం మాటెత్తడం ప్రభుత్వానికి ఇష్టం లేకపోయింది. కాల్విన్ 1998లో పార్లమెంటు కమిటీ ముందు జరిగింది చెప్పాడు. యూనిట్‌కు గవర్నర్ జనరల్ ప్రశంస అందింది 2002 డిసెంబరులో, తొమ్మిదేళ్ల తర్వాత. అప్పటికే అదే రెజిమెంటులోని ఇంకో బెటాలియన్ కాందహార్‌లో యుద్ధం చేసి తిరిగొచ్చింది.