తుపాకి అందరికీ గుర్తుంది, గుండు సంగతి ఎవరికి గుర్తుంది?

ఈసారి కొంచెం పొడుగైంది. సాంచాలు బందయ్యాక తీరిగ్గా చదవండి.

సెప్టెంబరు 17 దగ్గర పడితే మన ఇళ్లల్లో సాయుధ పోరాటం మాటలు మొదలవుతాయి. మనలో చాలామంది నల్లగొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి భివండీకి వచ్చినవాళ్లమే కదా. తాత భర్మార్ పట్టాడని ఒకరంటారు, త్రీ నాట్ త్రీ పట్టాడని ఇంకొకరంటారు. పిల్లలు వేసే నాటకంలో మాత్రం అందరి చేతిలో ఒకే రకం తుపాకి ఉంటుంది. ఆ రెండు తుపాకుల మధ్య ఉన్న తేడా ఏమిటి, ఆ తేడా మన ఊళ్లలో మనుషుల ప్రాణాల మీదికి ఎలా వచ్చింది అన్నదే ఈ వ్యాసం. తుపాకి సంగతి అందరూ చెబుతారు. అందులో పెట్టే గుండు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ.

ముందుగా ఒక మాట ముచ్చట. మనం మగ్గాన్ని సాంచా అంటాం. సిరిసిల్లలోనూ అదే మాట. హిందీలో, ఉర్దూలో సాంచా అంటే అచ్చు, మూస. హైదరాబాద్‌లో ఫతే మైదాన్ దగ్గరి గన్‌ఫౌండ్రీకి పాత పేరు తోప్ కా సాంచా. రెండో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1790లలో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. పోత పోసే సాంచా ఎవరి చేతిలో ఉంటే ఆయుధం వాళ్లది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

భర్మార్ అంటే మూతి నుంచి మందు, గుండు నింపి కాల్చేది. గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దానికి కావలసింది సీసపు గుండు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కమ్మరి కొలిమి దాకా పోనక్కరలేదు, కట్టెల పొయ్యి చాలు. గుండు గొట్టం కన్నా కాస్త చిన్నగా ఉంటే సరిపోతుంది, అటూ ఇటూ అయినా తుపాకి పేలుతుంది. కాకపోతే యాభై అరవై గజాలు దాటితే ఎక్కడ తగులుతుందో చెప్పలేం. గురి తక్కువే గాని గుండు కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడే పని లేదు.

తరువాత గొట్టం లోపల మెలికల గాడులు వచ్చాయి. అదే రైఫిల్. గుండు ఆ గాడులను పట్టుకుని గిర్రున తిరుగుతూ పోతే చాలా దూరం దాకా గురి తప్పదు. ఇక్కడే చిక్కు. గాడులను పట్టుకోవాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువుగా ఉంటే మూతి నుంచి దిగదు. 1840ల చివర ఫ్రాన్సులో మినియే అనే సైనికాధికారి దీనికి ఉపాయం కనిపెట్టాడు. గుండును కోసుగా చేసి, అడుగున డొల్లగా ఉంచాడు. దింపేటప్పుడు వదులుగా దిగుతుంది, పేలినప్పుడు ఆ ఒత్తిడికి అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. దీనికి మెత్తటి స్వచ్ఛమైన సీసమే కావాలి. గట్టి సీసమైతే విచ్చుకోదు.

బ్రిటిష్ వారి 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ పద్ధతిదే. గొట్టం 0.577 అంగుళాలు, మొదటి గుండు 0.568. అంటే తేడా అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. నాలుగు సార్లు కాల్చి మసి పట్టగానే గుండు దిగనని మొరాయించేది. అందుకని తరువాత గుండును 0.550కి తగ్గించారు. దిగడానికే తూటా కాగితానికి కొవ్వు పూసేవారు. పడుగుకు గంజి పెట్టకపోతే రాపిడికి పోగులు తెగుతాయని మనకు వేరే చెప్పాలా? రాపిడి ఉన్నచోట పూత తప్పదు. ఆ పూత ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానం 1857 జనవరిలో డమ్‌డమ్‌లో మొదలైంది. సొంతంగా నెయ్యి, మైనం పూసుకోండి, పళ్లతో కాక వేళ్లతో చింపండి అని సర్కారు తరువాత చెప్పినా సిపాయిలు నమ్మలేదు. మీరట్‌లో 85 మంది సవార్లు తూటాలు ముట్టబోమన్నారు. మే 10న తిరుగుబాటు అంటుకుంది. జులై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు.

తిరుగుబాటు అణిగాక బ్రిటిష్ వారు మన సిపాయిల చేతికి గాడులు లేని నున్నటి గొట్టం తుపాకులు ఇచ్చి, రైఫిళ్లు తెల్ల సైనికులకు ఉంచుకున్నారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదన్నారు.

ఇక త్రీ నాట్ త్రీ. 1888లో బ్రిటిష్ సైన్యం .303 కొలత తీసుకుంది. కొద్ది ఏళ్లలోనే నల్లమందు పోయి పొగ రాని కార్డైట్ వచ్చింది. గుండు వేగం పాత ఎన్‌ఫీల్డ్‌లో సెకనుకు దాదాపు 900 అడుగులైతే, 1910 నాటి .303 తూటాలో 2,400 దాటింది. ఆ వేగానికి ఉత్త సీసం గాడులను పట్టుకుని నిలవలేదు. చీరుకుపోయి గొట్టానికి అంటుకుంటుంది. అందుకని సీసం మీద రాగి, నికెల్ కలిసిన తొడుగు వేశారు. తొడుగు గుండు, ఇత్తడి గుల్ల, అడుగున క్యాప్, లోపల కార్డైట్, ఈ నాలుగింటిలో ఒక్కటీ ఊళ్లో పుట్టేది కాదు. కర్మాగారం కావాలి.

తొడుగు లేకుండా పోత సీసంతో .303 కాల్చలేరా అంటే, కాల్చగలరు. చట్టం ఒప్పుకునే దేశాల్లో పాత రైఫిళ్లు దాచుకునేవాళ్లు ఇప్పటికీ కాలుస్తారు. కాని దానికి పెద్ద లెక్క ఉంది. పేరుకు అన్నీ .303 అయినా, పాత గొట్టాల్లో గాడుల లోతు ఒక్కోదానిలో ఒక్కో తీరు. ముందు ఆ గొట్టాన్ని కొలవాలి, గుండు దానికన్నా వెయ్యింట ఒకటి రెండు వంతులు లావుండాలి. సీసంలో తగరం, ఆంటిమొని కలిపి గట్టిపరచాలి. అడుగున రాగి టోపీ వేయాలి, తేనె మైనం పూయాలి, వేగం బాగా తగ్గించాలి. రీడ్‌కు తగ్గ కౌంట్ నూలు ఎక్కించకపోతే బట్ట ఎట్లా పాడవుతుందో ఇదీ అంతే. గుండు సన్నమైతే గురి ఉండదు. ఇంత కొలత, ఇంత సామాను 1948లో అడవిలో దాక్కున్న దళానికి ఎక్కడిది?

ఇప్పుడు మన చరిత్రకు రండి. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డాడు. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. భాగించి చూడండి, తుపాకికి వంద కూడా రావు. ఆ వంద అయిపోతే మళ్లీ సర్కారు దగ్గరే గుంజుకోవాలి. ఠాణాల మీద దాడి ధైర్యం చూపడానికే కాదు, తూటాల కోసం కూడా.

తెలంగాణలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి ఒరిగిపోయిన నాడు, జనం చేతిలో కర్రలు, వడిసెలలే. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దొరల ఇళ్ల నుంచి భర్మార్లు, పోలీసుల నుంచి, రజాకార్ల నుంచి రైఫిళ్లు వచ్చాయి. భర్మార్‌కు సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. రైఫిల్‌కు మాత్రం పట్టుకున్న తూటాలే దిక్కు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగాడు. ఆ తరువాత 1951 అక్టోబరులో విరమించేదాకా దళాలు ఎదుర్కొన్నది రజాకార్లను కాదు, తూటాలకు కొదవలేని సైన్యాన్ని. ఒక్కో తూటా లెక్కపెట్టి కాల్చాల్సిన మనిషి, లెక్క లేకుండా కాల్చగల సైన్యం ముందు నిలబడ్డాడు.

అందుకే నాటకంలో తాతల చేతికి తుపాకి ఇచ్చి ఊరుకుంటే సరిపోదని మనం అంటున్నాం. వాళ్ల చేతిలో ఏం లేదో కూడా పిల్లలకు చెబితేనే వాళ్ల తెగువ ఎంతటిదో తెలుస్తుంది. మగ్గం మనదైనా నూలు సేఠ్‌దైతే కూలి ఎవరు నిర్ణయిస్తారో భివండీలో మనకు తెలిసిందే. తుపాకి మనదై తూటా సర్కారుదైనా అంతే.

ఒక విన్నపం. ఆ రోజులు చూసినవాళ్లు, విన్నవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా కొందరే ఉన్నారు. ఏ తుపాకి అని మాత్రమే అడగకండి. గుండు ఎక్కడిది, సీసం ఎవరు తెచ్చారు, పోత ఎవరు పోశారు, తూటాలు ఎవరి ఇంట్లో దాచారు అని అడగండి. అందులో ఆడవాళ్ల పేర్లు కూడా వస్తాయి చూడండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి కింద పెట్టండి, ఒకచోట చేర్చుదాం. ఊళ్లోని పాత ఇంట్లో తూటా ఏదైనా బయటపడితే మాత్రం ఎవరూ ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి. ఎంత పాతదైనా పేలవచ్చు, చట్టమూ ఒప్పుకోదు. మనకు కావలసింది తూటా కాదు, దాని ముచ్చట.