గోపయ్య మంద ఎటు నడిచింది?

రెండేళ్లకోసారి తిరుపతమ్మ అమ్మవారి, ఆమె భర్త గోపయ్యల విగ్రహాలు రంగుల కోసం పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట వస్తాయి. వచ్చినప్పుడల్లా వేదాద్రి మొదలు నందిగామ దాకా ఒక పాత తగువు మళ్లీ లేస్తుంది. కరువుకు తట్టుకోలేక గోపయ్య ఆవుల్ని తోలుకుని ఉత్తరాది అడవులకు వెళ్లాడన్నది జరిగిన సంగతా, కథకులు అల్లిన మాటా?

అల్లికే అనేవాళ్లు చెప్పే కారణం ఒక్కటే. కోడలు తిరుపతమ్మ అత్తింట ఆరళ్లు పడాలంటే మొగుడు ఇంట్లో ఉండకూడదు, అందుకే ఆయన్ని అడవికి పంపారట. వినడానికి ముచ్చటగానే ఉంది. మెట్ట బతుకు తెలియనివాళ్లు చెప్పే మాట అది.

సాగర్ ఎడమ కాలువ రాకముందు ఈ నేలకు వానే దిక్కు. వేదాద్రి నరసింహస్వామి కొండ కింద కృష్ణ పారుతున్నా ఆ నీరు గట్టెక్కి చేనుకు వచ్చేది కాదు. వాన ముఖం చాటేస్తే ముందు పోయేది పచ్చిక. మంద బతకాలంటే కదలాలి. ఎటు కదలాలో చెప్పడానికి ఏరు ఉంది. పెనుగంచిప్రోలు గుడి మున్నేటి ఒడ్డునే ఉంది. ఆ ఏటిని పట్టుకుని ఎగువకు నడిస్తే ఖమ్మం దాటి వరంగల్లు సీమలో కాకతీయుల నాటి పాకాల చెరువు, దాని చుట్టూ అడవి. దారి పొడవునా తాగునీరు, చివర మేత. అది పెద్దపులి తిరిగిన అడవి. పులితో పోరాడి గోపయ్య ప్రాణం వదిలాడని కథ చెబుతోంది. ఏరూ అడవీ పులీ ఒకే వరుసలో కుదిరిన ఈ దారిని ఊహ అని కొట్టిపారేయడం అన్యాయం.

పైగా మందను అడవికి తోలి తిరిగి తేవడం తేలిక కాదు. నెలల తరబడి అడవి పట్టిన మంద తిరుగుముఖం పట్టేసరికి సగం అడవి మృగమే. అక్కడే పుట్టిన దూడ పలుపు ఎరగదు, మనిషి అలికిడైతే గుట్టెక్కుతుంది. దాన్ని మచ్చికైన ఆవుల్లో కలపాలి, కంప దొడ్డిలోకి మళ్లించాలి, కోడెకు తాడు వేయాలి, పరుగు మరిగినదాని మెడకు గుదికర్ర కట్టాలి. రాత్రంతా నెగళ్లు ఆరకుండా చూడాలి.

ఇది ఏనాటిదో ముచ్చట కూడా కాదు. నల్లమలలో అమ్రాబాద్ వైపు పొడతూర్పు పశువుల్ని నేటికీ అడవిలోనే మేపుతారు. కోడెల్ని కురుమూర్తి జాతరలో అమ్ముతారు. ఆ పశువులకు దేశీయ జాతిగా గుర్తింపు దక్కింది, సంతోషం. మున్నేటి వెంట నడిచిన మందలకు మాత్రం చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యం లేదు.

జగ్గయ్యపేట చరిత్ర రాసినవాళ్లు ఊరి పాత పేరు బేతవోలు, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1882లో బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం దగ్గరే ఆగిపోయారు. ఆ స్తూపం ఆయక స్తంభాల మీద ఉన్నది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు శాసనం. అదే రాజు తండ్రి శాంతమూలుణ్ణి నాగార్జునకొండ శాసనాలు ఎలా పొగిడాయో చూడండి. కోట్ల బంగారంతో పాటు లక్షల గోవుల్ని, లక్షల నాగళ్లను దానం చేసినవాడు అన్నాయి. పొగడ్తలో అంకెలు పెరిగి ఉండవచ్చు. కానీ ఆవును బంగారం సరసన లెక్కించిన సీమ ఇది. అలాంటి చోట పసులకాపరి దేవుడయ్యాడంటే వింతేముంది?

సినిమా కూడా ఆయనకు న్యాయం చేయలేదు. 1963లో ఎన్టీఆర్ గోపయ్యగా వేసినా పేరు ‘శ్రీ తిరుపతమ్మ కథ’. తల్లి మహిమకు అది తగిన పేరే. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చాక కౌబాయ్ అంటే టోపీ, గుర్రం, తుపాకీ అని తెలుగు పిల్లలకు కంఠతా వచ్చింది. ఆ కౌబాయ్‌కి అసలు పని పశువుల్ని తోలడమేనని, ఆ పని చేస్తూ పులికి ఎదురునిలిచినవాడు మున్నేటి ఒడ్డునే ఉన్నాడని ఎవరూ చెప్పలేదు.

తిరునాళ్లలో ఎడ్లు బండ లాగుతుంటే చప్పట్లు కొట్టే వేల మంది రైతులకు ఈ వాదన కొత్తగా తోచదు. తేలాల్సింది రాసేవాళ్ల దగ్గర. గుడి చరిత్ర మళ్లీ అచ్చువేసేటప్పుడు గోపయ్యను అమ్మవారి భర్తగా ఒక్క మాటలో ముగించకూడదు. కరువులో మందను కాపాడిన కాపరిగా ఆయనకొక అధ్యాయం, అందులో మున్నేటి నుంచి పాకాల దాకా దారి పటం ఉండాలి.